ఉల్లిగడ్డకు వేరు పడింది

మా ఇంట్లో పొయ్యిలు రెండైంది నా వల్లనే అని మా పెద్దమ్మ చివరిదాకా అంటూనే ఉండేది. నిజానికి నా వల్ల కాదు, ఉల్లిగడ్డ వల్ల. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే మన భాషలో ఉన్న ఒక మాట వల్ల. మొక్కకు అడుగున పుట్టేదీ వేరే, అన్నదమ్ములు విడిపోయి పెట్టుకునే కాపురమూ వేరే. పైగా మా ఇళ్లలో ఆ 'వే' అనే అక్షరాన్ని పూర్తిగా పలికే ఓపిక ఎవరికీ లేదు. రెండింటినీ 'ఏరు' అనేస్తాం. కొమ్మ నాటితే ఏరు పడ్డదంటాం, పక్కింటి తమ్ముడు సామాను సర్దుకుంటే ఏరు పడ్డడంటాం. వినేవాళ్లే సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. మా బాపమ్మకు సందర్భం కోసం ఆగే అలవాటు లేదు.

బాపమ్మ అంటే మా నాన్న తల్లి. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా ఇల్లు. మా నాన్నను బాపు అంటాం, ఆయన అన్న పెద్దబాపు. అన్నదమ్ములిద్దరూ కలిసి అబిడ్స్‌లో బట్టల దుకాణం నడిపేవారు. రెండు కుటుంబాలకూ వంటిల్లు ఒక్కటే, దాని తాళంచెవులు బాపమ్మ బొడ్లో. పప్పులో ఉప్పు ఎంత వేయాలో కూడా ఆవిడే చెప్పాలి. పెద్దమ్మ గొణుక్కుంటూ వేసేది, అమ్మ గొణక్కుండా వేసేది. అమ్మ గొంతు వంటింటి గడప దాటి వినిపించడం నేనెరగను. కానీ హిమాయత్‌నగర్ వైపు ఎప్పుడైనా రిక్షాలో వెళ్తే, 'ఇల్లు కిరాయికి ఇవ్వబడును' అన్న బోర్డులన్నీ కూడబలుక్కుని చదివేది. తనదంటూ ఒక పొయ్యి ఉండాలని ఆమెకెంత ఆశగా ఉండేదో నాకు తెలుసు. ఆ ఆశ బాపు చెవిన వేసే ధైర్యం ఆమెకూ లేదు, నాకూ లేదు.

ఇవి అరవైల్లో నేను బి.ఎస్సీ. చదివేనాటి సంగతులు. కణం రెండుగా ఎలా చీలుతుందో మైక్రోస్కోపులో చూసి బొమ్మ గీయాలి. దానికి ఉల్లిగడ్డ వేరు కొస కావాలి. సీసా మూతి మీద, అడుగు నీళ్లకు తగిలీ తగలనట్టు ఉల్లిగడ్డను కూర్చోబెడితే తెల్లటి వేళ్లు దిగుతాయి. పొద్దున్నే వాటి కొసలు కోసి, మందులో నానబెట్టి, ఎర్రరంగు పట్టించి, గాజుపలకల మధ్య బొటనవేలితో నొక్కాలి. సరిగా నొక్కితే చీలుతున్న కణాలు కనిపిస్తాయి. లేకపోతే ఎర్రమట్టి కనిపిస్తుంది. నాకు ఆ ఏడాదంతా ఎర్రమట్టే. కాలేజీలో పెట్టిన గడ్డలన్నీ కుళ్లిపోతున్నాయని, ఎవరింట్లో వాళ్లు పెంచుకు రండని మా మేడం చేతులు దులుపుకున్నారు.

అది కార్తీకమాసం. ఆ నెల మా ఇంట్లో ఉల్లిగడ్డ అన్న మాట కూడా మెల్లగా అనాలి. అందుకని మెట్ల కింద, పాత గోనెసంచుల వెనక ఒక మందుసీసా దాచి, దానిమీద గడ్డను నిలబెట్టాను. విషయం అమ్మకొక్కతెకే తెలుసు. ఒకరోజు వంటింట్లో అమ్మ చెవిలో నేనన్నది ఇది.

"ఇయ్యాల్టికైతే ఏరు పడలే. రేపు పొద్దుగాల తప్పకుంట పడ్తది. బాపమ్మకు జెప్పకు."

"నేనెందుకు జెప్తనే," అంది అమ్మ.

గోడ అవతల తులసికోట దగ్గర బాపమ్మ దీపం పెడుతోంది.

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి ఇత్తడి గంగాళాలూ బోగాణులూ ఒక్కొక్కటే మోసుకెళ్లి తన మంచం కిందకి తోసింది. కింద పట్టని వాటిని మంచం మీద పెట్టి, పక్కన తాను కూర్చుంది. ఏమైందంటే పలకదు. దుకాణం నుంచి కొడుకులిద్దరూ వచ్చేదాకా అలాగే కూర్చుని, వాళ్లు చెప్పులు విప్పుతుండగానే, రేపు పొద్దున ఏరు పడేది ఎవరో తనకిప్పుడే తెలియాలంది.

పెద్దబాపు మా బాపును చూశాడు. మా బాపు పెద్దబాపును చూశాడు. ఇద్దరి మొహాల్లోనూ కనిపించాల్సిన ఆశ్చర్యం కనిపించలేదు. వాళ్లిద్దరూ దొంగల్లా నేలచూపులు చూశారు.

"ముందుగాల నాతోని అనాలె గదరా," అన్నాడు పెద్దబాపు.

"నువ్వే అన్నవేమో అనుకున్న," అన్నాడు బాపు.

ఇల్లు ఇరుకైందని ఇద్దరికీ ఎన్నాళ్లనుంచో మనసులో ఉందన్నమాట. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వరండాలో కూడా పక్కలు పడుతున్నాయి. తల్లితో అనే దమ్ము ఒక్కరికీ లేక, అవతలివాడు ఎప్పుడంటాడా అని కాచుక్కూర్చున్నారు. నేను ఇది వేరే 'ఏరు' అని మొత్తుకుంటూ మెట్ల కిందకి పరిగెత్తి సీసా తెచ్చి అందరి ముందూ పెట్టాను. అప్పుడే చిన్నచిన్న తెల్లటి వేళ్లు తొంగిచూస్తున్నాయి. ఇల్లు చీలుతుందని తెలిసినప్పుడు అరవని బాపమ్మ, కార్తీకంలో ఇంట్లో ఉల్లిగడ్డ చూసి సందంతా వినబడేట్టు అరిచింది. గడ్డ సందులో పడింది. కానీ అన్న మాట అన్నట్టే ఉండిపోయింది. దాన్ని సందులో పడేయడం ఎవరివల్లా కాలేదు.

అసలు ఆ ఏర్లతో ఏం చేస్తావని రెండోనాడు ఆవిడే నన్ను కూర్చోబెట్టి అడిగింది. నాకు చేతనైనట్టు చెప్పాను. ప్రతి కణం లోపలా దారాల్లాంటివి ఉంటాయి. అది ఎట్లా బతకాలో, ఏం చేయాలో అంతా ఆ దారాల్లోనే ఉంటుంది. కణం చీలేముందు ప్రతి దారమూ తనలాంటి ఇంకో దారాన్ని తయారుచేసుకుంటుంది. అన్నీ జోడీలయ్యాక నడిమికి వచ్చి వరసగా నిలబడతాయి. జోడీలో ఒకటి అటు, ఒకటి ఇటు పోతాయి. తర్వాత మధ్యలో గోడ లేస్తుంది. గోడ అనగానే ఆవిడ తల ఊపింది. గోడల సంగతి ఆవిడకు తెలుసు, సందులో సగం ఇళ్లకు నడుమ గోడలే. ఏదీ సగం కోయరా, ముందే అన్నీ రెండు చేస్తారా, కొట్లాట లేకుండానా అని మళ్లీ మళ్లీ అడిగింది. ఔనన్నాను.

"మరి తల్లి ఎవరి దిక్కు ఉంటది?"

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తల్లికణం ఉండదు, ఇద్దరు పిల్లలే ఉంటారు. అనేశాక చూశాను ఆవిడ మొహం. సామానంతా మంచం కింద ఎందుకు దాచిందో అప్పుడర్థమైంది నాకు. గంగాళాల మీద ఆశ కాదది. ఎవరి వాటాకూ తాను రాకుండా పోతానేమోనన్న బెంగ. ఆవిడ చప్పున తేరుకుని చెంగు సర్దుకుంది.

"నీ పుస్తకం రాసినోనికి తల్లి లేదానే?" అంది.

కానీ జోడీల సంగతి మాత్రం ఆవిడకు బాగా పట్టింది. ఇంట్లో ప్రతి వస్తువూ రెండయ్యేదాకా ఎవరూ గడప దాటొద్దని హుకుం జారీ చేసింది. దాంతో మా బాపు ప్రతి ఆదివారమూ అఫ్జల్‌గంజ్ బజారుకు పోయి రావడం మొదలైంది. చపాతీ పీటకు రెండో పీట, ఇసుర్రాయికి రెండో ఇసుర్రాయి. దాన్ని ఎక్కించుకున్న రిక్షా మా సందు మలుపులో కూర్చుండిపోతే నలుగురు పట్టి లేపాల్సి వచ్చింది. దేవుడి పటాలకు కూడా జోడీలు వచ్చాయి. కొత్త లక్ష్మీదేవి మొహం పాతావిడలా లేదని బాపమ్మ రెండుసార్లు దుకాణానికి తిప్పి పంపింది.

బజారులో దొరకనిది చింతకాయ తొక్కు. అందులో ఏది ఎంత పడాలో బాపమ్మ అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. కోడళ్లిద్దర్నీ బయటికి పంపి తలుపేసుకుని మరీ కలిపేది. ఇప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒకేసారి చెప్పింది. జర, చిటికెడు, చారెడు, చూడంగనే తెలుస్తది. ఇవీ ఆవిడ కొలతలు. తీరా చూస్తే పెద్దమ్మ జాడీలో ఇంగువ గుప్పుమంటోంది, అమ్మ జాడీలో మెంతులు చేదెక్కాయి. ఎవరికి వారే అత్తయ్య ఇట్లనే చెప్పిందని ఒట్టు పెట్టుకున్నారు. అడిగితే ఆవిడ ఆ రెండూ కాని మూడోది చెప్పింది. దారాలను ఎత్తిరాసేటప్పుడు కణాలు కూడా అప్పుడప్పుడు తప్పులు చేస్తాయని మా మేడం చెప్పినదాని మీద నాకు అక్కడ నమ్మకం కుదిరింది.

చలి వెనకపట్టు పట్టాక మేం హిమాయత్‌నగర్‌లో కిరాయి ఇంటికి మారాం. దుకాణం ఒక్కటే, పొయ్యిలు మాత్రం రెండు. మాతో రమ్మని బాపు, తమతో ఉండమని పెద్దబాపు ఎంత చెప్పినా బాపమ్మ ఎవరికీ సరే అనలేదు, తన మంచం దగ్గర్నుంచి కదల్లేదు. నేను ఎవరి వాటానూ కాదు, నన్ను అడగకండి అంది. రిక్షా కదిలేటప్పుడు బయటికి కూడా రాలేదు. అమ్మ దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉంది, కొత్త ఇంటి తాళంచెవి గుప్పిట్లోంచి వదల్లేదు.

వారం తిరక్కుండా ఒక పొద్దున బాపమ్మ చెప్పాపెట్టకుండా రిక్షా దిగింది. ఇంట్లకు గాలి వస్తదో రాదో చూసిపోదామని వచ్చానంది. నేను ముందుగదిలో కుర్చీ వేశాను. ఆవిడ వచ్చిన సంగతి వెనక వంటింట్లో ఉన్న అమ్మకు తెలియదు. నేను పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి మరిచానని మాత్రం తెలిసింది. అమ్మ మొదలుపెట్టింది. పాలతో మొదలై, నా చదువు మీదికి, నా చదువు మీంచి మా బాపు మీదికి, అక్కణ్నుంచి పాలవాడి నీళ్ల మీదికి, మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోకుండా. గడప ఏమిటి, వీధి దాటుతోంది గొంతు. ఒక్కో మాట చివర సాగదీసి విరవడం, "నా నోట్ల నోరు వెట్టకు" అని ఎవరూ ఏమీ అనకముందే అనడం, అంతా బాపమ్మే. నేను సిగ్గుతో బిగుసుకుపోయి ఆవిడ వంక చూశాను.

బాపమ్మ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వింటోంది.

"లోపల ఎవరే?" అంది.

"అమ్మనే."

ఆవిడ నమ్మనట్టు నా మొహంలోకి చూసింది. మళ్లీ విన్నది. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటి వెంటే నవ్వు వచ్చింది, రెండూ ఆపుకోలేక చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మా అత్త గిట్లనే నోరువెట్టి ఒర్రేదే," అంది. "సచ్చి ఎన్నేండ్లాయె. ఇంకా ఒర్రుతనే ఉన్నది."

బాపమ్మ అత్తను అమ్మ చూడనైనా లేదు. అమ్మ నాంపల్లి ఇంటికి కోడలుగా రాకముందే ఆ ముసలావిడ పోయింది.