తివాచీ వెనకవైపు

తడిసిన ఉన్నికి ఎన్నేళ్లయినా గొర్రె వాసనే వస్తుంది. మొన్నటి వానకు కిటికీ మూయడం మరిచిపోయాను. ఆఫీసు నుంచి వచ్చేసరికి తాడేపల్లిగూడెంలోని మా ఇంటి ముందుగదంతా ఆ వాసనే. తడిసిన చిన్న తివాచీని బాల్కనీ గోడమీద ఆరేస్తుంటే ఖాదర్‌బీ గారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి నాలుగు నెలలైంది. ఏలూరులో ఆవిడ తివాచీల షెడ్డులో ఆరేళ్లు పనిచేశాను. గళ్ల కాగితం మీద పూలూ తీగలూ వేసి రంగులు నింపి ఇవ్వడం నా పని. నేసేవాళ్లు దాన్ని చూస్తూ గడికొక ముడి వేసేవారు.

ఊళ్లో ఆవిడకు ఇంకో పేరుండేది. తప్పిపోయిన మనిషి చొక్కా ఇస్తే దానిమీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఏదో ఒకటి చెబుతారని. కొల్లేటి లంకల నుంచి, గణపవరం నుంచి వచ్చేవారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవారు కాదు. చెప్పినవి కొన్ని నిజమయ్యేవి, కొన్ని అయ్యేవి కావు. పెంటపాడు నుంచి ఒకావిడ ఉంగరం పోయిందని ఖాళీ డబ్బా పట్టుకొచ్చారు. "మీ ఇంట్లోనే ఉందండి" అన్నారు ఖాదర్‌బీ గారు. "ఎక్కడుందండీ?" "అది మీరు వెతుక్కోవాలండి." నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఖాదర్‌బీ గారికి కోపం రాలేదు. "నాకు తోచింది చెప్పాను అమ్మాయీ. తోచడం వేరు, తెలియడం వేరు" అన్నారు.

బాషా ఆవిడ తమ్ముడు, పెంచింది కూడా ఆవిడే. అతనికి ఏడేళ్లప్పుడు ఆవిడ చేతిలోని కత్తి జారి చూపుడువేలి కొస తెగిపోయింది. అందుకని నడిమి వేలితో ముడి వేయడం అతనికి ప్రత్యేకంగా నేర్పారు. పైనుంచి చూస్తే తేడా ఉండదు. వెనక మాత్రం ముడి పక్కకు ఒరుగుతుంది. "మావాడి ముడి చూడు, గాలికి పడవ ఒరిగినట్టు" అని ఏడిపించేవారు. "వెనకవైపు ఎవరు చూస్తారక్కా, ఇంట్లో పరుచుకునేవాళ్లు పైనే కదా నడుస్తారు" అనేవాడు.

షెడ్డు పక్కింట్లో నూర్జహాన్ మాకోసమే ఒంటరిగా నేసేది. భర్త కరీం చేపల చెరువులకు ఐసు తోలే లారీ డ్రైవరు. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఖాదర్‌బీ గారు వెళ్లి, అప్పటిదాకా నేసిన చోట లెక్క కోసం ఎర్రదారం కట్టి వచ్చేవారు. ఒకరోజు ఒంటిగంటకు ఆవిడా నేనూ భోజనానికి పిలవబోతే, నూర్జహాన్ మగ్గం పక్కన పడి ఉంది. మెడకు ఉన్నితాడు బిగించి ఉంది. ఎస్సైగారు వచ్చి, ఎప్పుడు జరిగి ఉంటుందని అడిగారు. ఖాదర్‌బీ గారు ఎర్రదారం పైన వరసలు లెక్కపెట్టారు. "ఆరున్నాయండి. గంటకు రెండు వేస్తుంది. పదకొండు దాకా ప్రాణంతో ఉందండి." పదకొండుకు షెడ్డుకు వచ్చిన దగ్గర నుంచీ బాషా మా మధ్యే కూర్చుని ఉన్నాడు. పదకొండున్నరకు కరీం ఇంటి ముందు లారీ ఆపడం వీధంతా చూసింది. ముందురోజు మొగుడూ పెళ్లాలు గొడవపడ్డారు. తలుపు కొడితే పలకలేదని, అలిగిందనుకుని వెళ్లిపోయానని కరీం చెప్పింది ఎవరూ నమ్మలేదు. అతన్ని తీసుకుపోయారు.

ఆ సాయంత్రం నూర్జహాన్ తల్లి కూతురి చున్నీ పట్టుకొచ్చింది. "చెయ్యి పెట్టి చెప్పండి, వీడేనా?" ఖాదర్‌బీ గారు చాలాసేపు చెయ్యి ఉంచారు. తీసి కొంగుకు తుడుచుకున్నారు. "ఏమీ రాలేదమ్మా" అన్నారు.

మూడో రోజున పోలీసుల్ని అడిగి ఆ ఇల్లు తెరిపించారు. నన్ను సెల్‌ఫోను లైటు పట్టుకోమని మగ్గం వెనక్కి వెళ్లారు. ఎర్రదారం దగ్గర నుంచి ఒక్కొక్క వరస వేలితో తడిమారు. తర్వాత నేలమీద కూర్చుండిపోయారు. ఆరు వరసలూ పక్కకు ఒరిగి ఉన్నాయి. ఎనిమిది దాటగానే ఆమెను చంపి, ఆ పక్కనే కూర్చుని పదకొండు దాకా బాషాయే నేశాడు. అక్క వరసలు లెక్కపెడుతుందని అతనికి తెలుసు.

"ఈ సంగతి మనకు తప్ప ఎవరికీ తెలియదు కదండీ" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"కరీంకు తెలుసు కదమ్మా, తను చంపలేదని" అన్నారు. లేచి స్టేషనుకు నడిచారు. నేనూ వెంట వెళ్లాను. "నేను చెప్పిన టైము తప్పండి, రాసుకోండి" అని మొదలుపెట్టి, ముడి సంగతీ వేలి సంగతీ అన్నీ చెప్పారు.

తిరిగి వస్తూ అడిగాను. "ఆరోజు చున్నీ మీద నిజంగానే ఏమీ రాలేదాండీ?"

"వచ్చింది. వాడే వచ్చాడు."

"మరి చెప్పలేదేమండీ?"

"తోచినదాన్ని పట్టుకుని ఒక మనిషి పేరు చెప్పకూడదు కదా. నీకు చెప్పడానికి మంచి కారణం అదీ." కొంచెం దూరం నడిచాక, "అసలు కారణం, వాడు నా తమ్ముడు. మూడు రోజులు కరీంను లోపల ఉంచింది నేనే. మగ్గం దగ్గరికి కూడా నాకు తోచింది అబద్ధం కావాలనే వెళ్లాను" అన్నారు.

కరీంను వదిలేశారు. బాషా ఒప్పుకున్నాడు. నూర్జహాన్ పెళ్లికి ముందు నుంచీ వెంటపడేవాడట. ఇంకోసారి వస్తే మీ అక్కతో చెబుతానని ఆ పొద్దున అందట. ఖాదర్‌బీ గారు ఆ తర్వాత ఎవరి చొక్కా మీదా చెయ్యి పెట్టలేదు. నెలకోసారి జైలుకు మాత్రం వెళ్లేవారు. మాట్లాడుతున్నాడా అని ఒకసారి అడిగాను. "ఏడాది దాకా మాట్లాడలేదు. మొన్న నోరు విప్పాడు. అక్కా, నా ముడి మరీ అంత తెలిసిపోతుందా అన్నాడు. నేర్పిందాన్ని నాకు తెలియదట్రా అన్నాను" అని మళ్లీ పనిలో పడ్డారు.

నేను షెడ్డు మానేసేటప్పుడు ఆవిడ ఇచ్చిందే ఈ తివాచీ. సగం ఆవిడ నేసింది, సగం బాషా నేసింది. ఇచ్చేటప్పుడే ఆ సంగతి చెప్పారు. దేనికైనా సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చినప్పుడు మంచి కారణం నా నోటికి ముందే వచ్చేస్తుంది. అప్పుడు ఆగి, రెండోదాని కోసం చూస్తాను. అది కనబడుతుంది కూడా. దాన్ని పైకి అనడం మాత్రం ఆవిడలా నాకింకా రాలేదు. మర్నాడు సాయంత్రానికి తివాచీ పైవైపు ఆరింది. వెనకవైపు ఇంకా తడిగానే ఉంటే తిరగేసి వేశాను.