వంటింటికి మూసుకోని తలుపు

యంత్రాలు మాట నేర్చి, ఆ మాటకు చేతులు మొలిచి, మనిషి చేయవలసిన పనులను మనిషి చూడకుండానే చక్కబెట్టడం మొదలైన ఈ కాలంలో, కన్నతల్లికి మందు ఎంత వేయాలో కూడా తెర మీద చూసి తెలుసుకునే ఈ రోజుల్లో, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ దక్షిణాన సన్నీబ్యాంకు అనే పేటలో కాపురముంటూ, వృద్ధాశ్రమాలు నడిపే ఒక సంస్థలో సర్వర్లకు కాపలా కాసే జ్ఞానప్రసూన అనే ఇల్లాలికి, నలభయ్యో ఏట, మొదటిసారి నిజమైన కోపం వచ్చింది.

అన్నంలో రాయి తగిలితే వచ్చే కోపం అందరిదీ. ఇది వేరు. ధర్మం కోసం పుట్టే కోపాన్ని మన పూర్వులు మన్యువని పిలిచి, దేవతగా కొలిచారు.

సంస్థవారు కొత్తగా టూల్ సర్వర్ ఒకటి పెట్టారు. కృత్రిమ మేధతో నడిచే ఏజెంట్లు వచ్చి అడిగితే పనిముట్లు అందించే కొలువది. నర్సుల ఏజెంటు మందుల పట్టిక తీసి మార్పులు రాస్తుంది. వంటశాల ఏజెంటు ఎవరికి ఏ పథ్యమో చూస్తుంది. ఎవరు ఏది ముట్టవచ్చునన్నది అనుమతుల్లో ఉంటుంది. ఆ అనుమతులు సరిగా ఉన్నాయో లేదో తనిఖీ చేయడానికి మరొక ఏజెంటును నియమించారు. అది క్షణాల్లో అంతా సవ్యమని తేల్చింది. జ్ఞానప్రసూన కూడా ధ్రువీకరిస్తే సోమవారం నుంచి అన్ని ఆశ్రమాల్లోనూ అమలు.

ఆమె ఒక్కటే చూసింది: తనిఖీ ఎవరి పేరున జరిగింది? నరసింహ పేరున. అతడు ఆమె శాఖకు అధికారి, ఆమె భర్త బాలమురళి ఊరైన అమలాపురం వాడు, ఆమెకు ఉద్యోగమిప్పించినవాడు. తనిఖీ ఏజెంటుకు విడిగా గుర్తింపు ఇవ్వాలంటే పైవారి అంగీకారం కావాలి. అంత ఓపిక లేక, ఊరెళ్తూ పక్కింటి వదినకు తాళంచెవి ఇచ్చినట్టు, తన అధికారమే దానికి ఇచ్చేశాడు. సర్వాధికారి పేరు చెబితే ఏ తలుపు తెరుచుకోదు? ఏజెంటు అన్నీ తోసి చూసింది, అన్నీ తెరుచుకున్నాయి, బాగుందని రాసింది. దాని తప్పేమీ లేదు.

జ్ఞానప్రసూన అదే ఏజెంటుకు వంటశాల గుర్తింపునిచ్చి మళ్ళీ పంపింది. వంటశాల మందుల పట్టికను చూడడమే కాదు, మార్చగలదు కూడా. పరీక్ష కోసం పెట్టిన ఉత్తుత్తి రోగి పట్టికలో ఇన్సులిన్ మోతాదు నాలుగింతలు చేయమంటే, సర్వరు మారు మాట్లాడక చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి నరసింహ ఎవరింటికో బార్బెక్యూ విందుకి బయల్దేరుతున్నాడు. విషయమంతా చెప్పింది.

"వంటవాళ్ళు ఇన్సులిన్ జోలికి ఎందుకెళ్తారు చెల్లెమ్మా? మండే గో-లైవ్ అవనీ, తర్వాత ఫిక్స్ చేద్దాం. ఏజెంటే ఓకే అంది, నీకేంటి నొప్పి?"

"మీ పేరు చెప్పుకుని వెళ్ళి ఓకే అంది అన్నయ్యగారూ. మీకు తెరుచుకుంటే చాలదు. వంటింటికి మూసుకోవాలి."

అతడు నవ్వుతూనే అన్నాడు: "మీ పీఆర్ పేపర్లు నా టేబుల్ మీదే ఉన్నాయి. ఒక్క రోజైనా ఆపానా? నువ్వేమో నా పని ఆపుతానంటున్నావ్."

ఆ నవ్వే ఆమెను మండించింది. ఎవరి అన్నం తింటారో వారి పక్షాన సాక్ష్యం చెల్లదని శాస్త్రం. ఇక్కడ తనిఖీకి గురి కావలసినవాడు తనిఖీదారుకు తన అధికారమిచ్చాడు. అది చాలక సాక్షినీ కొనబోతున్నాడు. ఆ ఆశ్రమాల్లోని ముసలివారు నర్సు చేతిలోది చూసుకోకుండా మింగుతారు. వాళ్ళ ప్రాణాలకూ, తన కుటుంబం ఈ దేశంలో శాశ్వతంగా ఉండడానికి కావలసిన పీఆర్‌కూ ఇతను ముడి వేశాడు.

"ఆపుకోండి పేపర్లు," అంది. "ఎదురడగలేని వాళ్ళ మందుల మీద నేను సంతకం పెట్టను. ఇకనుంచి చెల్లెమ్మా అనకండి. ఆ మాటకి మీరే ధర కట్టారు."

తన సీటుకు వచ్చి, తనకున్న అధికారంతోనే పట్టికలు మార్చే పనిముట్లన్నీ మూసేసింది. తనిఖీ ఏజెంటు నుంచి నరసింహ గుర్తింపు తీసేసింది. పరీక్షలో తేలినదంతా నర్సుల పెద్దకూ, నరసింహ పైవారికీ పంపింది. సోమవారం ఏదీ మొదలవలేదు. నర్సుల పెద్ద ఫోన్ చేసి, ఇలాంటిది తనదాకా ఎలా వచ్చిందని జ్ఞానప్రసూననే దులిపేసింది. ఆ తిట్లు ఆమె పడింది.

నరసింహ బాలమురళికి ఫోన్ చేసి, మీ ఆవిడకు కాస్త బుద్ధి చెప్పు బావా అన్నాడట.

"నాకే చెప్తుంటుంది బావా, నేనేం చెప్తాను?" అన్నాడు బాలమురళి. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు సోఫాలోంచి లేవలేదు.

కూతురు పింకీ తలుపు దగ్గర నిలబడింది. "మమ్మీ, ఆర్ వి గోయింగ్ బ్యాక్?"

"తెలీదమ్మా," అంది తల్లి. అబద్ధం చెప్పి ఓదార్చలేదు.

పైవారు చివరకు తనిఖీ ఏజెంటుకు చూడడమే తప్ప మార్చే హక్కు లేని సొంత గుర్తింపు ఇచ్చారు. అనుమతులు సరిచేశాక, పరీక్ష మటుకు అరువిచ్చిన ఒక్కొక్కరి హోదాలో అది వెళ్ళి వచ్చింది. వంటశాల పేరున మందుల పట్టిక తెరుచుకోలేదు. అప్పుడు జ్ఞానప్రసూన ధ్రువీకరించింది. పీఆర్ కాగితాలు మాత్రం ఇంకా కదలలేదు. నరసింహ ఎదురైతే ఆమె తల తిప్పుకోదు; తిప్పుకోవలసినవాడు అతడని ఆమెకు తెలుసు.

ఆ తల్లికి ఆయురారోగ్యాలు కలుగు గాక. ఆమె మాంగల్యం నిండు నూరేళ్ళు వర్ధిల్లు గాక. పింకీకి ఏ దేశాన నిలిచినా తలెత్తుకు నిలిచే చదువబ్బు గాక. ఆ ఇంటి ముగ్గురి కంచాల్లో పడే అన్నం ఎవరి దయకూ లొంగనిదై, ఏనాటికీ తరగకుండు గాక.