ఆడపడుచు అంటించిన చెవి గింజలు

మొన్న పరీక్షలకు చదువుకుంటున్న మా మనవరాలు చెవికి చిన్న చిన్న పట్టీలు అంటించుకుని వచ్చింది. సూదులేమీ ఉండవట, పట్టీ కింద గింజ ఉంటుందట, వేలితో నొక్కుకుంటే బెదురు తగ్గుతుందట. నాకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు అది చెబుతూ ఉంటే వింటూ కూర్చున్నాను గాని, నా మనసు అప్పటికే కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవికి వెళ్ళిపోయింది.

మావారు రైల్వేలో రిటైరయ్యాక మేము సూరత్‌లోనే, నవాగామ్‌లో ఉండిపోయాం. అదే ఊళ్ళో ఆల్థాన్‌లో ఉండే మా ఆడపడుచు చెవి ఆక్యుప్రెషర్ నేర్చుకుని, నిద్ర పట్టదన్నవాళ్ళకూ తలనొప్పి అన్నవాళ్ళకూ ఆవగింజంత గింజలు అంటించి పంపేది. చెల్లెలి మీద మావారికి ఎంత గురి అంటే, మోకాళ్ళ నొప్పికి డాక్టరిచ్చిన మాత్రలు మానేసి చెవి నొక్కుకుంటూ కూర్చునేవారు. నాకది నచ్చేది కాదు. ఆ కారణంగానే మా వదినామరదళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయి.

అలాంటి రోజుల్లో ఆయనకు జ్వరం వచ్చింది. పరీక్షలో కరోనా అని తేలింది. డాక్టరు ఫోనులోనే మందులు చెప్పి, ఆక్సిజన్ తగ్గితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురమ్మన్నాడు. అంతకుముందే ఎదురింటాయన తన కాళ్ళతో తాను నడిచి వెళ్ళి అంబులెన్సు ఎక్కాడు, తిరిగి రాలేదు. అది కళ్ళారా చూసిన మావారు ఆసుపత్రి మాట ఎత్తితేనే బిగుసుకుపోయేవారు. వేలికి తగిలించిన మీటరులో అంకె దిగుతున్నా, చెల్లి వచ్చి గింజలు పెడితే చాలన్నదే ఆయన పట్టు. బతిమాలాను, కసిరాను, ఏడ్చాను. చివరికి విధిలేక ఆమెకే ఫోను చేశాను, ఆమె కూడా అన్నగారి పాటే పాడుతుందేమోనన్న అనుమానంతోనే.

ఆమె రెండు మాస్కులు పెట్టుకుని ఆటోలో వచ్చింది. గదిలోకి అడుగుపెడుతూనే అన్న ఆయాసం చూసింది, మీటరు చూసింది. గింజల డబ్బీ తీస్తుందనుకుని ఆయన చెవి ఆమె వైపు తిప్పారు.

“అన్నా, జర నా మాట ఇను. గీ గింజలు గుబులు తగ్గిస్తయి గని ఊపిరియ్యవు. దవాఖానకు పోదాం, లే.”

“నువ్వు గూడ గట్లనే అంటవా?”

“నేనే అంటున్న. వదిన ముందుగాల్నే చెప్పింది, నువ్వే ఇనకపోతివి.”

ఆయన చొక్కా ఇమ్మన్నారు. మొదట వెళ్ళిన ఆసుపత్రిలో మంచం లేదన్నారు. రెండోచోట వాకిట్లో ఎదురుచూస్తున్నప్పుడు ఆమె అన్న చెవికి గింజలు అంటించి, లోపల భయమేస్తే నొక్కుకోమని చెప్పింది. ఆ తరువాత నన్ను కూర్చోబెట్టి నా చెవికీ పెట్టింది. ఎన్నడూ ఒప్పుకోని నేను ఆ పూట తలవంచి పెట్టించుకున్నాను.

ఆయన్ను లోపలికి తీసుకువెళ్ళాక మిగిలిందల్లా ఫోను కోసం ఎదురుచూడటమే. అది మోగితే గుండె ఆగేది, మోగకపోతే మరీ ఆగేది. అలాంటప్పుడల్లా నా వేలు దానంతటదే చెవి మీదికి పోయేది, ఊపిరి కాస్త కుదుటపడేది. పనిచేసింది గింజో, ఆమె ఆప్యాయతో ఇప్పటికీ చెప్పలేను. ఆయన్ను బతికించింది మాత్రం ఆక్సిజనూ మందులూ, ఆ మాట మా ఆడపడుచే అందరికీ చెబుతుంది.

సగం మనిషై ఇంటికి వచ్చారు, మెల్లగా కోలుకున్నారు. ఆ రోజుల్లో ఆయన చిన్నగా దగ్గినా పొయ్యి మీది గిన్నె వదిలేసి పరుగెత్తేదాన్ని. ఇప్పుడు ఆయన దగ్గితే టీవీ చప్పుడు కాస్త పెంచుకుంటున్నాను.