పీకిన చోటే పూడ్చిన కలుపు

ఆ వీధిలో అందరికీ ఆవిడ నారత్త. నలభై ఏళ్లుగా కూరగాయల నారు పెంచి అమ్మడమే పని. అన్ని నారులూ ఒక ఎత్తు, ఆవిడ నల్ల వంగ నారు ఒక ఎత్తు. ఆ విత్తనం మరెక్కడా దొరకదు. ఏటా నిఖార్సయిన కాయను చెట్టు మీదే పండనిచ్చి, గింజ తీసి, ఆరబెట్టి, బూడిదలో కలిపి డబ్బాలో దాచేది. వరుసగా రెండేళ్లు తెగులొచ్చి కాయ నిలవలేదు. డబ్బాలో గుప్పెడు పాత గింజ మిగిలింది. ఈసారి మొలవకపోతే ఆ వంగ ఇక లేనట్టే.

ఇన్నాళ్లూ నారు పోసిన స్థలంలో ఎవరో షెడ్డు కట్టారు. మూతబడ్డ మిల్లు వెనక ఖాళీ జాగా దొరికింది. అందులో నడుమెత్తు వయ్యారిభామ కలుపు. అత్తాకోడళ్లు వారం రోజులు పీకారు. మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి.

"ఊడ్చి అవతల పారేద్దాం అత్తయ్యా," అంది కోడలు.

"పచ్చాకు పారేస్తారా ఎవరైనా? పీకిన చోటే పూడ్చు, ఎరువవుతుంది. మా అమ్మ నాకు నేర్పిన మొదటి పాఠమది."

ఆ పాఠం ఆవిడకు నలభై ఏళ్లలో ఒక్కసారీ ఎదురు తిరగలేదు. మడి కట్టి సగం గింజ వేసింది. పన్నెండు రోజులు గడిచినా ఒక్క మొలకా లేదు.

"మట్టిలోనే ఏదో ఉంది. మిగతావి మన పాత కుండీల్లో వేద్దాం," అంది కోడలు.

"నువ్వు పుట్టకముందు నుంచీ మట్టి పిసుకుతున్నాను. గింజ ముసలిదైంది, నాలాగే. ఒత్తుగా వేస్తే నాలుగైనా లేస్తాయి."

"పోనీ, ఓ పది గింజలు నాకివ్వండి."

"ఎందుకు, తాలింపులోకా?"

మిగిలిందంతా అదే మడిలో వేసేసింది. తొమ్మిదో రోజు పొద్దున్నే కోడలు పిలిచింది. "అత్తయ్యా, వచ్చాయి."

నారత్త చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి మడి మీదికి వంగింది. తను గీసిన చాళ్లలోనే, తను పోసిన నీళ్లకే, వయ్యారిభామ మొలిచింది.

పిడికెడు మట్టి మూటగట్టుకుని భూసార పరీక్ష ఆఫీసుకు వెళ్లారు. అక్కడి ఉద్యోగి మట్టి చూడకముందే మడిలో ఏం పూడ్చారో అడిగాడు. వయ్యారిభామ అని కోడలు చెప్పింది.

"అది చచ్చినా దాని విషం చావదమ్మా. ఆకు కుళ్లేకొద్దీ మట్టిలోకి దిగుతుంది. పక్క గింజను మొలవనివ్వదు, లేత వేరును సాగనివ్వదు. కొన్నాళ్లకు తగ్గుతుంది కానీ, మీరు పూడ్చిన వెంటనే గింజ వేశారు."

"అయితే నా గింజ ముసలిది కాదా?"

"అది తేల్చాలంటే ఒక్క గింజైనా ఉండాలిగా."

ఇంటికొచ్చాక నారత్త డబ్బా కాగితం మీద బోర్లించింది. బూడిదను వేలితో రెండుసార్లు కెలికింది.

"ఏమైనా ఉందా?" అంది కోడలు.

"లేదు." బూడిదతో సహా కాగితం మడిచి కోడలి చేతికిచ్చింది. "ఈ బూడిద నువ్వన్న కుండీలోనే కలుపు. నీళ్లు కూడా నువ్వే పొయ్యి."