ఆ చిరునామాలో జయరాముడు లేడు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే జయరాముడు ఆదివారం మగ్గం దగ్గరికి పోడు. తెల్లవారుతూనే సైకిలెక్కి ఎదురుగాలిలో పెనుకొండ దాకా తొక్కేవాడు. హిందూపురంలో రక్తపరీక్షలు చేసే ఉమేష్ అటునుంచి తొక్కుకుంటూ వచ్చేవాడు. ఇద్దరూ కొండ కింద ఇడ్లీలు తిని, మళ్లీ ఎవరి ఊరికి వాళ్లు తిరుగుముఖం పట్టేవారు. వారమంతా మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని నేసే జయరాముడికి ఆ ఒక్క పూటే ఊపిరి నిండుగా ఆడేది.

ఒకసారి ఉమేష్ అన్నాడు: "వియత్నాం పోదాం పా అన్నా. ఈ కొస నుంచి ఆ కొసకు తొక్కాల. ఖర్చు మా సైకిల్ క్లబ్బోళ్లు పెట్టుకుంటారంట."

ఇంటికొచ్చి భార్య రాధికకు చెబితే ఆమె నవ్వలేదు. "పోయిరా. మగ్గం నేను చూసుకుంటా" అంది.

పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాడు. విచారణకు కానిస్టేబులు వచ్చింది ఆదివారమే. జయరాముడు పెనుకొండ దారిలో ఉన్నాడు. రాధిక నల్లమాడలో పుట్టింటికి పోయింది. పక్కింటి చౌడక్క వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"జయరాముడు ఉండేది ఈడేనా?"

ఖాకీ బట్టలు చూడగానే ముసలమ్మ చింతపండు వదిలేసి లేచింది. "ఆ పేరు గలోళ్లు ఈడ ఎవురూ లేరు సామీ. ఎవురో ఉండిరి, ఖాళీ చేసి పోయినారు."

తాళం వేసిన తలుపు చూసి, రాసుకుని వెళ్లిపోయాడతను.

సాయంత్రం చౌడక్క గొంతు తగ్గించి చెప్పింది: "నిన్ను పట్టుకపోయేకి పోలీసోళ్లు వచ్చిండిరి నాయనా. నేనే అబద్ధం చెప్పి పంపిస్తి."

జయరాముడు ఆమెను ఏమీ అనలేకపోయాడు. అతని తల్లి పోయిన రోజుల్లో గంజి కాచి పోసిన మనిషి.

మర్నాడు స్టేషన్‌కు పోతే, రిపోర్టు పైకి పోయిందన్నారు. "ఆ ఇంట్లో నువ్వు లేవని పోయింది. ఉండావని మళ్లా రాయాలంటే ఇంటి ఓనరు కాగితం తేవాలబ్బా."

ఇల్లు తండ్రి కాలం నుంచి నోటిమాట బాడుగే. పాత యజమాని పోయాక కొడుకు ప్రసాద్ చేతికొచ్చింది. అతను బెంగళూరులో ఉంటాడు. జయరాముడు ఫోన్ చేసి కాగితం అడిగాడు.

"ఎప్పట్నుంచి ఉండావని రాయాల?"

"మా నాయన కాలం నుంచే కదా సార్."

ప్రసాద్ గొంతు పెంచాడు. "ఈ ఉపాయం ఎవరు చెప్పినారు నీకు? ఈ పొద్దు కాగితమంటావు, రేపు ఇల్లే నాదంటావు."

"దేవుని సాక్షిగా పాస్‌పోర్టుకే సార్."

"మగ్గం నేసేవానికి పాస్‌పోర్టెందుకు?"

జయరాముడు ఉన్నదున్నట్టు చెప్పాడు. వేరే దేశంలో సైకిలు తొక్కడానికని. అది విన్నాక ప్రసాద్ అనుమానం ఇంకా గట్టిపడింది.

వారం తిరక్కుండా వచ్చి ఇల్లు ఖాళీ చేయమన్నాడు. "కాగితం వద్దు సార్, ఏమీ వద్దు, ఇల్లు మాత్రం ఉండనీండి" అని జయరాముడు చేతులు పట్టుకున్నాడు. అతను వినలేదు. పోయేముందు మగ్గం గుంత పూడ్చి, పైన సిమెంటు వేయాలన్నాడు. ఆ గుంత తవ్వింది జయరాముడి తండ్రి. పూడ్చేటప్పుడు కూలివాణ్ని పెట్టలేదు. తానే మట్టి మోసి పోశాడు. రాధిక ఆ పూట అక్కడికి రాలేదు. చౌడక్క మాత్రం గడప మీద కూర్చుని "నా నోరు పడిపోనూ" అని ఏడుస్తూ ఉంది.

కొత్తగా దొరికింది మిద్దె మీద గది. అక్కడ గుంత తవ్వే వీల్లేదు. మగ్గం విప్పిన కొయ్యలు మెట్ల కింద పెట్టుకుని, నరసప్ప అనే ఆయన మగ్గం మీద కూలికి నేస్తున్నాడు. ఆదివారాలు కూడా పనికి పోతున్నాడు. పాస్‌పోర్టు ఆఫీసు నుంచి, దరఖాస్తు మూసేశామని మెసేజ్ వచ్చింది.

ఉమేష్ ఒక్కడే వియత్నాం వెళ్లాడు. అక్కణ్నుంచి రెండుసార్లు ఫోన్ చేస్తే జయరాముడు ఎత్తలేదు. మూడోసారి, నరసప్ప ఇంటికి అతనికి అన్నం తెచ్చిన రాధికే ఎత్తి అతని చెవి దగ్గర పెట్టింది.

"యాడున్నావు అన్నా?" అన్నాడు ఉమేష్.

"మగ్గం కాడ" అన్నాడు జయరాముడు. "ఆడ ఎదురుగాలి ఉండాదా?" అని అడిగాడు.