మాస్టారి పసుపు

మొన్న చేపముక్కలకి పసుపు పట్టిస్తుంటే, ఆ వాసనకి నా చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి.

మూడో తరగతిలో మాస్టారు నా అరచేతికి తడి పసుపు పూసి, "ఇది జబ్బనుకోండి. అందరూ చేతులు కలపండి" అన్నారు. గంట కొట్టేలోగా తరగతంతా పచ్చచేతులే. "చూశారా, ఒకరి జబ్బు ఊరందరి పూచీ" అన్నారు. నేను 'అనుకోండి'ని బళ్లోనే వదిలేసి, జబ్బును మాత్రం ఇంటికి మోసుకెళ్లాను. దారిలో ఎంత కడిగినా పోలేదు.

ఇంట్లో అమ్మ కాళ్ల మీద మా నెలల చెల్లి, ఒళ్లంతా పసుపు!

"అమ్మా, సెల్లికి అంటీసినాది!"

"నీళ్లు పోయడానికి రాసినానే. రా, సెల్లిని పట్టుకో."

నేను గుమ్మం దాటలేదు. చెల్లి తుమ్మినప్పుడల్లా ఇంకో అడుగు వెనక్కేశాను. చివరికి అమ్మే గుమ్మం దగ్గరకొచ్చి నాకు అన్నం ముద్దలు పెట్టింది. "ఏటే, సేతులెనక్కి కట్టీసుకున్నావు?"

"ఊరిని కాపాడతన్నాను."

అమ్మ పగలబడి నవ్వింది.

అయిదుతో చదువు మానేసిన నాకు ఆ పాఠం ఒక్కటే మిగిలింది. కరోనా ఏడాది చెల్లి బాలింత. చూసిరావడానికి పుట్టింటికి వెళ్లి, గుమ్మం బయటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అమ్మ లోపలి నుంచి చూసింది. ఈసారి నవ్వలేదు.