నానీ చోళీకి టాకాలు వేసిందెవరు?

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా అత్తగారు దిష్టి తీస్తుంటేనే నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయేదాన్ని. కాబట్టి ఇది చదివి "ఈవిడకేదో పిచ్చి" అనుకునేవాళ్ళతో నాకు తగువు లేదు. ఇంకెవరైనా చెబితే నేనూ అదే అనేదాన్ని. జరిగింది జరిగినట్టు చెబుతాను.

వై టూ కే హడావుడి సద్దుమణిగిన ఏడాది. కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతి తెలుగువాడూ పెట్టె సర్దుకుని సింగపూర్‌లో దిగుతున్న రోజులవి. మా ఆయన రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకుకి ప్రోగ్రాములు రాసేవారు. పొద్దున ఎనిమిదింటికి వెళితే రాత్రి తొమ్మిదికి వచ్చేవారు. బుకిట్ పంజాంగ్‌లో ఏడో అంతస్తు అద్దె ఫ్లాట్‌లో పగలంతా నేనొక్కదాన్నే. పిల్లలు ఇంకా లేరు, ఉద్యోగం చేసుకునే వీసా నాకు లేదు. తెనాలి నుంచి మోసుకొచ్చిన చేతి మిషను మీద స్నేహితులకి సరదాగా జాకెట్లు కుట్టిపెట్టేదాన్ని. దయ్యాల మీద లేని నమ్మకమంతా నాకు నా కత్తెర మీద ఉండేది.

ఆ సంగతి విని రజియా ఆంటీ వచ్చింది. వాళ్ళది హైదరాబాదు. పాయా లేబర్ దగ్గర ఇరవై ఏళ్ళుగా ఉంటున్నారు. కూతురు అయేషా ఇక్కడే పుట్టి పెరిగింది. నెల రోజుల్లో ఆ పిల్ల నిఖా. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికూతురు ఖడా దుపట్టా వేసుకోవాలి. ఆరు గజాల దుపట్టాని కుచ్చిళ్ళు పెట్టి రెండు భుజాల మీదా పిన్నులతో నిలబెడతారు. దాని కింద పల్చటి కుర్తీ. కుర్తీ లోపల చోళీ. ఆ చోళీ ఎవరికీ కనపడదు కానీ పైనున్న బరువంతా మోసేది అదే.

ఆంటీ ఒక పాత తెల్లటి మల్‌మల్ చోళీ తెచ్చింది. ఆమె అమ్మమ్మది. వాళ్ళు నానీ అంటారు. దాంతోపాటు అయేషాది ఒక వదులు టీషర్టు ఆది కోసం ఇచ్చింది.

"ఇదే తీరుగ కొత్తది కుట్టు బేటీ. పిల్ల ఎవ్వరితోని కొలతలు తియ్యనియ్యదు. ఏం జేస్తం, ఇనదు" అంది.

ఎందుకు తియ్యనివ్వదో నాకు అప్పుడు చెప్పలేదు. మీకు ముందే చెబుతాను. ఆ పిల్లకి వెన్నెముక ఒంపు తిరిగింది. ఎడమ భుజం రెండు వేళ్ళ మందం కిందికి ఉంటుంది. స్కూల్లో ఉండగా నడుముకి పట్టీ కట్టుకుని తిరిగిందట. అప్పటినుంచీ వదులు చొక్కాలే, ఎప్పుడూ ఆ భుజానికే బ్యాగు. చోళీలో ఏమాత్రం వంకర కనిపించినా దుపట్టా వేసుకోను, పొడుగు కోటు తొడుక్కుని ఒక మూల కూర్చుంటాను అని తల్లికి తేల్చి చెప్పింది. పెళ్ళి ముందు పిల్ల ఒంటి సంగతి ఏ తల్లి బయటపెడుతుంది? ఆంటీని తప్పుపట్టను.

ఇక ఆ చోళీ సంగతి. నేను చాలా కుట్లు చూశాను కానీ అలాంటి పని చూడలేదు. మొత్తం చేతికుట్టే. నువ్వుగింజంత కుట్లు, ఒకటి పెద్దా ఒకటి చిన్నా లేవు. ఒంటికి పట్టడానికి మడిచి కుట్టే డాట్లు ఎక్కడా లేవు. క్రాస్‌గా కత్తిరించిన చిన్న చిన్న ముక్కలు కలిపే ఒంటి గుండ్రాన్ని తెచ్చింది. లోపలివైపు కూడా ఎంత శుభ్రంగా ఉందంటే ఏది తిరగేసిన వైపో నాకు కాసేపు తెలియలేదు. ఎవరూ చూడని లోబట్టకి ఇంత పనా అని దాన్ని ఒళ్ళో పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. ఒక సంగతి కనిపెట్టాను. కుట్లన్నీ నా కుట్లకి ఎదురువైపు వాలి ఉన్నాయి. కుట్టినామెది ఎడమచేతి వాటం.

ఉండబట్టలేక తొడుక్కుని చూశాను. వెనక తాళ్ళు బిగించేసరికి నా వీపు దానంతటదే నిటారుగా అయింది. అయితే ఎడమ భుజం మాత్రం ఎత్తినట్టుగా ఉంది. విప్పి చూస్తే, రెండు పక్కలూ సమానంగా లేవు. ఎడమ భుజం కింద నాలుగు మడతల గుడ్డ పెట్టి కుట్టి ఉంది. పాపం, అంత పనిమంతురాలికీ ఒక పొరపాటు జరిగిందనుకున్నాను. మనం సరిచేద్దాంలే అనుకున్నాను. ఎంత పొగరో చూడండి.

కొత్త చోళీని రెండు పక్కలూ సమానంగా కత్తిరించి కుట్టేశాను. రేపు ఒళ్ళొస్తే వదులు చేసుకోవడానికని, మన జాకెట్లకి వదిలినట్టే పక్కల్లో రెండు వేళ్ళ మార్జిన్ కూడా వదిలాను.

మర్నాడు కూరగాయలకి వెళ్ళి పదకొండింటికి వచ్చాను. మిషను పక్కన పెట్టిన చోళీకి ఎడమ పక్క కుట్టు విప్పి ఉంది. మనం బ్లేడుతో విప్పితే దారం ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఇది ఎక్కడా తెగలేదు. మొత్తం ఒకే పోగుగా లాగి, మడిచిన కాగితం ముక్కకి వరసగా చుట్టి పెట్టి ఉంది. మా ఆయన్ని అనుమానిద్దామంటే ఆయనకి సూదిలో దారం ఎక్కించడమే రాదు. నేనే ఏదో పరధ్యానంలో చేసి ఉంటానని నాకు నేను చెప్పుకుని మళ్ళీ కుట్టాను.

ఈసారి చోళీని బీరువాలో పరిచిపెట్టి తాళం వేశాను. ఆ తాళంచెవి నా పర్సులో ఉంది. ఇనుప గ్రిల్లుకీ, తలుపుకీ తాళం వేసి లేసు కొనడానికి రజియా ఆంటీతో పాయా లేబర్ వెళ్ళాను. సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చాను. గ్రిల్లు తాళం, తలుపు తాళం, బీరువా తాళం, మూడూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. లోపల చోళీ మడతపెట్టి ఉంది.

ఎడమ పక్కా, ఎడమ భుజమూ విప్పి ఉన్నాయి. దారం మళ్ళీ కాగితానికి చుట్టి ఉంది. నేను వదిలిన మార్జిన్ గుడ్డని కత్తిరించి, నాలుగు మడతలు చేసి, భుజం కింద పెట్టి టాకాలు వేసి ఉంది. టాకాలన్నీ ఎదురువైపు వాలి ఉన్నాయి. సూది తీసుకుని ఎడమచేత్తో అలా వేసి చూశాను. మూడు టాకాలు కూడా వరసలో పడలేదు.

 భయం కంటే ముందు నాకు రోషం వచ్చింది. నా కుట్టు విప్పడానికి ఎవరు వీళ్ళు? గుక్కెడు కాఫీ తాగి, లైటు కిందికి తీసుకెళ్ళి ఆ టాకాలు మళ్ళీ చూశాను. రోషం పోయింది. అది నా పని కంటే మంచి పని. ఎందుకలా వేశారో అర్థం కాకపోయినా, పని తెలిసిన చెయ్యి చెప్పినప్పుడు వినాలని మా కుట్టు టీచరు అనేది. ఆ టాకాల మీదే కుట్టు వేశాను. ఆ తరవాత ఎవరూ విప్పలేదు.

వారం తరవాత అయేషా వచ్చింది. వద్దనడానికే వచ్చినట్టుంది ముఖం. "కెనాట్ అయితే నెవర్ మైండ్ ఆంటీ, ఐ గాట్ కోటు లా" అని సింగపూర్ ఇంగ్లీషులో అంటూనే గదిలోకి వెళ్ళింది. లోపల తల్లి తాళ్ళు బిగించి, కుర్తీ వేసి, దుపట్టా పిన్నులు పెట్టింది. 

అయేషా బయటికి వచ్చింది. రెండు భుజాలూ ఒక్క గీత మీద ఉన్నాయి. అద్దం ముందు అటు తిరిగింది, ఇటు తిరిగింది.

"ఆంటీ, హౌ యూ నో?" అంది.

నాకేం తెలుసని చెప్పను? రజియా ఆంటీ గోడకానుకుని ఏడుస్తూ వెన్నెముక సంగతంతా అప్పుడు చెప్పింది. నేను దారం చుట్టిన కాగితాలు రెండూ తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

నిఖా రోజు ఆ పిల్ల హాలంతా తిరిగింది. మూల ఉన్న కుర్చీ వైపు చూడను కూడా లేదు. అంత దర్జాగా నిలబడ్డ పెళ్ళికూతుర్ని నేను మళ్ళీ చూడలేదు. గర్వంగా అనిపించింది. సగం గర్వం నాది కాదని కూడా తెలుస్తూనే ఉంది.

పెళ్ళయ్యాక ఒకరోజు, ఆ పాత చోళీ ఎవరు కుట్టారో కనుక్కోమన్నాను. ఆంటీ ఫోన్ కార్డు గీకి, మా ముందే హైదరాబాదులో వాళ్ళ అమ్మకి ఫోన్ చేసింది. ఆ పెద్దావిడ ఉర్దూలో చెబుతుంటే ఆంటీ నాకు తెలుగులో చెప్పింది. చోళీ నానీయే కుట్టుకుందట. తన లోబట్టలన్నీ తలుపేసుకుని తనే కుట్టుకునేదట. దర్జీని కానీ, కూతుర్ని కానీ కొలతకి దగ్గరికి రానిచ్చేది కాదట.

ఎందుకని అడిగితే, అయేషా పక్కనే ఉందా అని అడిగిందట. ఉందని ఆంటీ చెప్పింది. తరవాత ఆ పెద్దావిడ చెప్పింది వింటూ ఆంటీ కుర్చీలో కూర్చుండిపోయింది.

"నానీ పోయిననాడు చివరి స్నానం అమ్మనే చేయించిందట బేటీ. అప్పుడు చూసిందట. ఎడమ భుజం కిందికి ఉండెనట. కన్నబిడ్డకి గూడ అప్పటిదాక తెల్వదట. స్నానం చేయించినోళ్ళు చూసింది బయట చెప్పరాదు మాలో. అందుకే ఇన్నేండ్లు అమ్మ నోరు ఇప్పలె. ఇప్పుడు అయేషా కోసం చెప్తున్న అంటున్నది."

పక్కన కూర్చున్న అయేషా ఎడమ భుజం మీద చెయ్యి వేసుకుంది. "షీ ఆల్సో, ఆ?" అని, ఫోను తీసుకుని, వచ్చీరాని ఉర్దూలో వాళ్ళ అమ్మమ్మతో ఏడుస్తూ నవ్వుతూ మాట్లాడటం మొదలుపెట్టింది.

మా ఆయన ఇప్పటికీ నేనే మగత నిద్రలో విప్పి ఉంటానంటారు. కావచ్చు. మగతలో ఎడమచెయ్యి వాటం ఎలా వస్తుందో మాత్రం ఆయన చెప్పలేదు, నాకూ తెలియదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ నెల ఆ ఫ్లాట్‌లో ఇద్దరు కుట్టారు. వాళ్ళలో ఆ పిల్ల భుజం సంగతి తెలిసి కుట్టింది నేను కాదు.